చింతపండులో నానిన నత్త

మా వైపు ఎక్కడ తవ్వినా నల్లరాయే. బోరు వేసే లారీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రొద పెట్టి, చివరికి బూడిదలాంటి రాతిపొడి ఎగజిమ్మి వెళ్ళిపోతుంది. చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా, ఇటు చింతామణి దాకా గుండ్లూ గుట్టలే. అలాంటి చోట కూర్చుని నేను ఇన్నేళ్ళూ సముద్రపు నత్తల గురించి పాఠాలు చెప్పాను. పెళ్ళిచూపుల్లో నా చదువేమిటని అడిగితే మా నాన్న "రాళ్ళ చదువు" అన్నాడు. రాళ్ళకు మన దగ్గర కొదవా, ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందని మా అత్త అప్పుడే తేల్చేసింది. ఆమె అన్నట్టే చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో దొరికింది, ఏడాదికోసారి కాగితం పొడిగించే అతిథి ఉపన్యాసకురాలి పని. ఎన్నేళ్ళు గడిచినా అతిథినే.

నేను చదువుకున్నదీ ఆ కాలేజీలోనే. అప్పుడు మాకు భూగర్భశాస్త్రం చెప్పిన సార్ వయసులో ఉన్నప్పుడు ప్రతి ఏడూ పిల్లల్ని వెంటబెట్టుకుని తమిళనాడులో అరియలూరు వైపు వాగులు గాలించడానికి పోయేవారు. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది. దాని అడుగున చచ్చి రాయైపోయిన నత్తల్ని చేతిరుమాళ్ళలో చుట్టి తెచ్చి ఒక చెక్క బీరువా నింపారు. రిటైరయ్యాక ఆయన బాగేపల్లిలో సొంతింటికి చేరుకున్నారు, బీరువా నాకు మిగిలింది.

మొన్న పిల్లలు చేరడం లేదని మా విభాగం మూసేశారు. ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట, నెలాఖరుకల్లా బీరువా ఖాళీ చేయమన్నారు. బెంగళూరులో ఒక మ్యూజియంవాళ్ళు నత్తల్ని తీసుకుంటామన్నారు గానీ ఒక షరతు పెట్టారు: ప్రతి దానికీ పేరూ, దొరికిన చోటూ రాసిన చీటీ ఉండాలి, పేరు లేనిది వద్దు. సార్ రాసిన చీటీలన్నీ గంజి పూసి అంటించినవి. పురుగులకు విందు. సొరుగు లాగితే నత్తలున్నాయి, చీటీలు లేవు. అంటే మొత్తం మళ్ళీ మొదట్నుంచి గుర్తుపట్టాలి.

వాటిలో ఒక్కదాని సంగతి వేరు. బొటనవేలంత ఉంటుంది, సగం ఒంటికి గట్టిపడిన మట్టి అంటుకుని ఉంటుంది. పైకి కనిపించే సగం ఏ పుస్తకంలోని బొమ్మకూ సరిపోలేదని, అది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి కావచ్చని సార్ నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. ఆయన దగ్గర చదివిన ప్రతి ఒక్కరూ ఆ నత్తను ఒకసారైనా అరచేతిలో పెట్టుకున్నవాళ్ళే. మట్టి తీసి చూద్దాం సార్ అంటే మాత్రం, పాడైపోతుందమ్మా, ఇంకా మంచి పనిముట్లు రానీ, అనేవారు. పనిముట్లు వచ్చాయి, ఈలోపు ఆయన చూపు పోయింది. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, ఎదుటి మనిషి మొహం తెలియదు. ఆయన ఉండగానే ఆ నత్త కొత్తదని తేల్చి, దానికి ఆయన పేరే పెట్టించాలని నా పట్టుదల. అబద్ధమెందుకు, తేల్చిన మనిషిగా పక్కన నా పేరు కూడా పడుతుందన్న ఆశా ఉంది. ఇన్నేళ్ళు అతిథిగా ఉండి పోతూ పోతూ ఏదో ఒకచోట నా పేరు ఉండిపోవాలనిపించింది.

నత్తను గుర్తుపట్టడానికి ఆకారం చాలదు. శంఖంలా చుట్టుకుని పైకి మొనదేలినవి ఎన్నో ఉంటాయి. దాని ఒంటిమీది నగిషీ చదవాలి. పైనుంచి కిందికి దిగే గట్లున్నాయా, చుట్టు వెంబడి తిరిగే సన్నని దారాలున్నాయా, గట్టూ దారమూ కలిసినచోట పూస తేలిందా ముల్లు తేలిందా, రెండు చుట్ల నడుమ అతుకు దగ్గర గాడి ఉందా. ముఖ్యంగా చివరి చుట్టులో దారాలెన్ని, పెద్దదీ చిన్నదీ ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయా అని చూడాలి. ఇవన్నీ సార్ మాకు కళ్ళు మూయించి నేర్పారు. ముందు వేలు, తర్వాత కన్ను అనేవారు. భూతద్దం అడిగినవాళ్ళను గది బయట నిలబెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

ఆయన చెప్పిన ఒక మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒక చిన్న పెంకు మీద అడ్డంగా ఉన్న మచ్చను మా వేళ్ళతో తడిమించి, ఇది పీత కొరికిన చోటు అన్నారు. లోపలి ప్రాణి చావలేదు. విరిగిన అంచు దగ్గర అతుకు వేసుకుంది, కాస్త వంకరగా ఒక గట్టు కట్టుకుంది, మళ్ళీ పూసలు మొదలుపెట్టింది. అవే పూసలు, అదే వరసలో, అంతే ఎడంగా. ఎముక లేదు, చెయ్యి లేదు, చూసి నేర్చుకోవడానికి అమ్మ పక్కన లేదు, అయినా వరస తప్పలేదు చూడండి అంటూ ఆయన ఆ పూసల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఒక నత్త గురించి అలా మాట్లాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గదికి రంగులు వేస్తామంటే నత్తలన్నిటినీ అట్టపెట్టెల్లో సర్ది ఇంటికి తెచ్చాను. మాది కైవార దగ్గర పల్లె. అత్తకు పట్టుపురుగులే లోకం. గూళ్ళు కట్టిన చంద్రికను, అదే, పురుగులు గూళ్ళల్లుకునే వెదురు తట్టను, ముందు పెట్టుకుని కూర్చుంటుంది. రెండు చేతులూ గూళ్ళను ఏరుతుంటాయి, కళ్ళు టీవీ సీరియల్ మీదుంటాయి. మంచిది ఒకవైపు, పల్చనిది ఒకవైపు, రెండు పురుగులు కలిసి కట్టిన జంటగూడు ఒకవైపు. పొరపాటున కూడా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడదు. మార్కెట్లో కొనేవాళ్ళు ఈమె తెచ్చిన బుట్టలో చెయ్యి పెట్టి మళ్ళీ ఏరుకోవడం నేను చూడలేదు.

నా పెట్టెలు చూసి మొదట్లో నవ్వింది. "రాళ్ళు యాడన్నా కరువా అమ్మా, బస్సులో మోసుకొస్తివి?" అంది. రెండో రోజు పురుగులకు ఆకేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మూడో రోజు, నేను ఒక్కటే జాతి అని కుప్పపోసిన ఏడు నత్తల్ని ఒక్కొక్కటే తడిమి రెండింటిని పక్కకు తీసింది.

"ఇవి వేరేమ్మా."

"ఎట్లా చెప్తాండావు అత్తా? అన్నిటికీ పూసలు ఉండాయి కదా?"

"వీటికి పూసకూ పూసకూ నడుమ సందుండాది. వాటికి సందులో సన్న దారముండాది, గోరుకు తగల్తాది. నువ్వు చూస్తాండావు గానీ పట్టుకోలేదు."

భూతద్దం పెట్టి చూశాను. నిజమే. అంత సన్నని దారం నాకు అద్దంలో కూడా వెలుతురు పక్కనుంచి పడితేనే కనిపించింది. మొదట కాస్త మండింది, నేను డిగ్రీ చేసి నేర్చుకున్నది ఈమె సీరియల్ చూస్తూ చేసేస్తోందే అని. ఆ తర్వాత మాత్రం సిగ్గు విడిచి ప్రతి కుప్పనూ ఆమె చేతికే ఇచ్చాను. పుస్తకం నేను చూసేదాన్ని, వేరు చేసేది ఆమె. సందు పూసల రకం ఒక డజను తేలాయి, సార్ మూడో సొరుగులో ఉంచినవి, పుస్తకంలో పేరున్నవి. ఫోనులో సార్‌కు చెబితే పగలబడి నవ్వి, "ఆమెను అప్పుడే మా దగ్గరికి పంపించి ఉండాల్సిందమ్మా" అన్నారు.

ఆ పేరులేని నత్తను మాత్రం ఆమెకివ్వలేదు. ఒక గిన్నెలో దూది పరిచి, దాని మీద పెట్టి, బల్ల మీద విడిగా ఉంచాను. దాన్ని నేనే చూడాలనుకున్నాను. ఆ గురువారం కాలేజీలో సంతకాలేవో పెట్టాలంటే పొద్దున్నే బస్సెక్కాను.

గురువారం నాడు మా ఇంట్లో దేవుడి సామాన్లు కడుగుతారు. మా చెట్టు చింతపండే, పోయినేటిది, నల్లబడింది. దాన్ని నీళ్ళలో పిసికి కుందులూ గంటా హారతి పళ్ళెమూ అందులో వేసి, సాయంత్రం కొబ్బరిపీచుతో తోముతుంది అత్త. ఆ రోజు గిన్నెలో దూది మీద పడుకోబెట్టిన నత్త ఆమె కంటపడింది. ఇన్ని పెట్టెల్లో కుప్పపోసిన వాటిని వదిలి దీన్నొక్కదాన్ని ఇంత అపురూపంగా దూదిలో పెట్టిందంటే ఇది దేవుడిదే అనుకుంది. చిన్న శంఖమనుకుంది. మట్టి పట్టి ఉంది, కోడలికి కడిగే తీరిక లేదు పాపం, అనుకుంది.

సాయంత్రం నేను వచ్చేసరికి కుందుల పక్కన కిటికీలో ఆరబెట్టి ఉంది. తెల్లగా, నున్నగా. గట్లు ఎక్కడో లీలగా మిగిలాయి, దారాల్లేవు, పూసల్లేవు. ఆ వాగుల్లోని పెంకు సుద్దలాంటిది, పులుపు తగిలితే కరిగిపోతుంది. తరగతిలో సున్నపురాయి మీద నిమ్మరసం వేసి నురగ చూపించే మనిషిని, ఇంట్లో ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. కానీ ఆ క్షణాన నాకది తోచలేదు. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?" అని అరిచాను. పెళ్ళై వచ్చాక ఆమెను అలా అనడం అదే మొదలు. మా ఆయన చెప్పులేసుకుని చేను వైపు వెళ్ళిపోయాడు.

"దేవుడిదనుకుంటినమ్మా" అంది అత్త. "ఎంత తోమినా మెరుపు రాలేదని ఇంకొంచేపు నానేసినా."

ఏడుపు ఆపుకుంటూ సార్ సంగతంతా చెప్పాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ విన్నది.

"ఆయప్ప దగ్గర ఇట్లాంటిది ఇంకోటి లేదా?"

"ఇదొక్కటే."

ఆ పూట ఆమె అన్నం తినలేదు. మర్నాడు పొద్దున దేవుడికి దీపం పెట్టాక పెరట్లో గిన్నెలు తోమే బండ పక్కని మెంతి మడిలో వంగి చాలాసేపు ఏదో చేస్తూ ఉంది. కలుపు పీకుతోందనుకుని నేను పలకరించలేదు. కోపం ఇంకా పోలేదు నాకు. సగం సార్ కోసం, సగం నా కోసం ఉన్న కోపం అది, అందుకే అంత మొండిగా ఉండింది.

శనివారం సార్‌కు చెప్పడానికి బాగేపల్లి బయలుదేరాను. గడప దాటుతుంటే అత్త ఉతికిన చీర కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. "తప్పు నాది, నేనొస్తాండా" అంది. వద్దన్నా వినలేదు. శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం, అక్కడ బస్సు మారాము. పేరేసంద్రలో బస్సు ఆగితే సార్ కోసం ద్రాక్షపండ్లు కొంది. ఆమె కొంగు చివర ఏదో ముడి వేసుకుని దారంతా గుప్పిట్లో పట్టుకునే ఉంది.

మేము చేరేసరికి భోజనాల వేళయింది. సార్ భార్య మమ్మల్ని మాట్లాడనివ్వకుండా పీటలు వేసి, వేడి వేడి రాగిముద్ద, పప్పూ వడ్డించి నెయ్యి గిన్నె పక్కన పెట్టింది. ముద్ద ముట్టకముందే నత్తను సార్ చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలు నత్త చివరి చుట్టు వెంబడి తిరిగింది, ఆగింది, వెనక్కి వచ్చి మళ్ళీ తిరిగింది. నేను బస్సులో కూడబలుక్కున్న మాట అన్నాను.

"కొంచెం అరిగింది సార్."

"అరగలేదప్పా" అంది అత్త. "నేనే చింతపండులో నానేసినా. దేవుడి శంఖమనుకున్నా."

సార్ మొహం అత్త గొంతు వైపు తిప్పారు. "ఎంతసేపు నానేసినావమ్మా?" అని అడిగారు, ప్రయోగశాలలో అడిగినట్టే.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

"అట్లయితే ఏమీ మిగిలుండదు" అన్నారు. నత్తను ఒళ్ళో పెట్టుకుని దాని మీద అరచెయ్యి కప్పారు. ఆ చెయ్యి చూసి నాకు ఆమె మీదా నా మీదా ఉన్న కోపమంతా ఒక్కసారి దుఃఖమైపోయింది.

అప్పుడు అత్త కొంగు ముడి విప్పింది. రెండు వేళ్ళ వెడల్పున ఒక మట్టిపెళ్ళ, లోపలివైపు గుంతపడి ఉంది.

"దీన్ని నానేయకముందే కత్తితో ఊడదీసి బండకాడ పారేసినా. నిన్న వెతికితే మెంతాకు మళ్ళో దొరికినాది. దీని లోపల వేలు పెట్టి చూడప్పా. ఆ రోజు ఊడదీసేటప్పుడే ఏందో గరుగ్గా తగిలినాది, నాకు గుర్తుండాది."

సార్ చిటికెనవేలు ఆ గుంతలోకి పోయింది. అక్కడే ఉండిపోయింది. నలభై ఏళ్ళుగా ఎవరూ తీయని మట్టి, ఆ మట్టి కప్పిన సగంలోని నగిషీని తిరగేసి అచ్చు పోసుకుని దాచి ఉంచింది. నత్త కరిగిపోయినా అచ్చు మిగిలింది. "మైనం తెచ్చినావా అమ్మా?" అని నన్ను అడిగారు, గొంతులో మళ్ళీ పాత సార్. నా పనిముట్లన్నీ ఇంట్లో ఉండిపోయాయి.

అత్త వేలితో నెయ్యి తీసి గుంత లోపల పల్చగా రాసింది. తన పళ్ళెంలోని ముద్దలోంచి నిమ్మకాయంత తుంచి, అరచేతిలో నున్నగా చేసి, అచ్చులోకి ఒత్తింది. గాలి పోయేదాకా బొటనవేలితో అదుముతూనే ఉంది. చల్లారాక అంచు వెంబడి గోరు తిప్పి, ఒక్క పూస కూడా చెదరకుండా ఊడదీసి సార్ అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళు ఈ పని నేర్చినవాళ్ళను చూశాను, ఇంత చక్కగా తీసినవాళ్ళు లేరు.

రాగిముద్ద మీద తేలిన చుట్టును సార్ తడుముతుంటే నేను పక్కనుంచి భూతద్దంలో చూస్తూ పైకి చెప్పాను. "మూడు పెద్ద దారాలు సార్. వాటి మీద పూసలు. పూసకూ పూసకూ నడుమ..." అని ఆగిపోయాను. అత్త వైపు చూశాను. ఆమె తల దించుకుంది. ఆమెకూ తెలిసిపోయింది.

"సందు" అన్నారు సార్. "సన్న దారం లేదు. ఉత్త సందు. మూడో సొరుగులోవి."

కొత్త జాతి కాదు. పుస్తకంలో ఎప్పటి నుంచో పేరున్నది, మా ఇంట్లో పెట్టెలో ఇంకో డజను ఉన్నది. రాగి చుట్టు అంచున ఒక వంకర గట్టు కూడా తేలింది. పైకి కనిపించిన సగం ఎప్పుడో ఒకసారి విరిగి అతుకు వేసుకున్న చోటు, అందుకే ఏ బొమ్మకూ సరిపోలేదు. వంకర గట్టు కట్టుకుని మళ్ళీ మొదలుపెట్టిన పూసలు ఈ మట్టి కింద ఉండిపోయాయి, వరస తప్పకుండా.

"నాకు లోపల తెలుసేమో అమ్మా" అన్నారు సార్. "అందుకే మట్టి తీయలేదేమో." ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. రాగి నత్తను ఇంకొకసారి మొన నుంచి నోటి దాకా తడిమారు. తర్వాత దాన్ని నోట్లో వేసుకుని నమిలారు.

"ఉప్పు చాల్లేదు" అన్నారు.

"ముద్దలో ఉప్పు ఎవరేస్తారు?" అంది ఆయన భార్య వంటింట్లోంచి. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. అత్త కూడా నవ్వింది, నేను నవ్వుతూనే ఏడ్చేశాను. కలను పక్కన పెట్టి ముద్ద రుచి చెప్పగలిగిన మనిషి దగ్గర చదువుకున్నానని ఆ పూట నాకు పొగరే వచ్చింది.

భోజనాలయ్యాక సార్ అన్నారు, "చీటీ రాయమ్మా. పేరులేనిది వద్దన్నారు కదా వాళ్ళు. ఇప్పుడు దీనికి పేరుంది, తీసుకుంటారు." అది నాకప్పటిదాకా తట్టనే లేదు. కొత్తదే అయి ఉంటే, పేరు పడేలోపు మిగతావన్నీ మ్యూజియంకు పోయి ఇదొక్కటే మిగిలిపోయేది.

మ్యూజియంవాళ్ళిచ్చిన చీటీ తీశాను. జాతి పేరు రాశాను. దొరికిన చోటు రాశాను. సేకరించినవారు దగ్గర సార్ పేరు రాశాను. దాని కింద ఇంకొక గడి ఉంది, గుర్తించినవారు అని. కలం ఆగింది. సార్‌కు కనిపించదు. అత్తకు ఇంగ్లీషు అక్షరాలు రావు. నేను ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు, ఆ గడి కోసమే కదా నేను నత్తను దూదిలో పెట్టి విడిగా దాచుకున్నది.

మా అత్త పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

"ఏం రాసినావు, చదువు" అన్నారు సార్. చదివాను.

అత్త ఉలిక్కిపడింది. "నా పేరెందుకమ్మా? చెడగొట్టినదాని పేరు యాడన్నా రాస్తారా?"

"తడిమి చూసినోళ్ళ పేరు రాస్తారమ్మా" అన్నారు సార్. "ఇన్నేండ్లు నా చేతిలోనే ఉండె. ఆ మట్టి కింద నేను తడమలేదు."